నోరులేని జీవి హక్కు: నిప్పుకోడి నేర్పే పాఠం

సకల స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. భూమిపై నడిచే ప్రతి జీవికీ ఆకారాన్నీ, ఆహారాన్నీ, బ్రతికే దారినీ చూపినవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

అమ్మా బాద్. 

కొంతకాలం క్రితం మేము మా మదర్సా పిల్లలను వెంటబెట్టుకొని తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు వెళ్ళాము. 1987లో శేషాచలం కొండల దిగువన నెలకొల్పిన ఆ ప్రదర్శనశాల మన జిల్లాల పిల్లలందరికీ పరిచయమైనదే. తిరుగు ప్రయాణంలో బస్సులో పదేళ్ళ పిల్లవాడొకడు మా ప్రక్కకు వచ్చి కూర్చొని, "హజ్రత్! నిప్పుకోడి భయం వేస్తే తలను ఇసుకలో దూర్చుకుంటుందట, నిజమేనా? అల్లాహ్ దానికి అంత తక్కువ తెలివి ఎందుకిచ్చాడు?" అని అడిగాడు.

ఆ పిల్లవాడికి ఆనాడు మేము ఇచ్చిన జవాబు చాలా చిన్నది. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. అది మమ్మల్ని ఒక పక్షి వద్దకు, ఆ పక్షి నుండి ఒక పాత తప్పు వద్దకు తీసుకొని వెళ్ళింది. ఆ తప్పులో మాకూ భాగమున్నది. ఈ శుక్రవారం దానినే మీ ముందు ఉంచదలచాము.

సోదరులారా! మనం తెలుగులో నిప్పుకోడి అని పిలిచే ఈ పక్షిని ఉర్దూలో షుతుర్‌ముర్గ్ అంటాము. షుతుర్ అంటే ఒంటె, ముర్గ్ అంటే పక్షి. అరబ్బులు దీనిని నఆమ అంటారు. దివ్య ఖుర్‌ఆన్‌లోని సూరా గాషియాలో అల్లాహ్ మానవులను ఒంటె వైపు చూడమన్నాడు. దాని సృష్టి ఎలా జరిగిందో ఆలోచించమన్నాడు. ఒంటె పేరునే ధరించిన ఈ పక్షిని కూడా అదే చూపుతో ఒకసారి చూద్దాము.

నేడు బ్రతికి ఉన్న పక్షులన్నిటిలో ఇదే పెద్దది. మగపక్షి తొమ్మిది అడుగుల ఎత్తు వరకు పెరుగుతుంది. నూరు నుండి నూట యాభై కిలోల బరువు తూగుతుంది. రెక్కలున్నవి గాని ఎగరలేదు. ఎగిరే శక్తికి బదులుగా అల్లాహ్ దానికి కాళ్ళనిచ్చాడు. గంటకు డెబ్భై కిలోమీటర్ల వేగంతో అది పరుగెత్తగలదు. మిగతా పక్షులకు మూడో నాలుగో వ్రేళ్ళుంటే, దీనికి పాదానికి రెండే వ్రేళ్ళు. అందులో ఒకటి గిట్ట వలె గట్టిపడి, పరుగుకు అనువుగా ఉంటుంది. దాని కన్ను సుమారు ఐదు సెంటీమీటర్ల వెడల్పు. నేలపై తిరిగే ఏ జంతువు కన్నూ అంత పెద్దది కాదు. పొడవైన మెడ పైన, అంత పెద్ద కంటితో అది మైదానంలో చాలా దూరం నుండే శత్రువును కనిపెడుతుంది. పళ్ళు లేవు గనుక చిన్న చిన్న రాళ్ళను మ్రింగుతుంది. ఆ రాళ్ళే కడుపులో తిరగలి వలె మేతను నూరిపెడతాయి. ఎండిన నేలలో నీరు దొరకనప్పుడు ఆకులలో, గడ్డిలో ఉన్న తడితోనే చాలాకాలం గడుపుకుంటుంది. మన రాయలసీమ రైతుకు ఈ గుణం విలువ ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ఆ పిల్లవాడి ప్రశ్న. నిప్పుకోడి తలను ఇసుకలో దూర్చుకోదు. అలా చేస్తే దానికి ఊపిరే ఆడదు. మరి ఈ మాట ఎలా పుట్టింది? ఈ పక్షి నేలను గీరి పల్లం చేసి, అందులో గుడ్లు పెడుతుంది. ముక్కుతో గుడ్లను అటూ ఇటూ త్రిప్పడానికి తల వంచుతుంది. దూరం నుండి చూసేవానికి తల నేలలోకి పోయినట్లే కనబడుతుంది. గూటిపై ఉండగా ప్రమాదం పసిగడితే మెడను నేలకు ఆనించి, మట్టిదిబ్బ వలె కదలకుండా పడి ఉంటుంది. అది తెలివితక్కువతనం కాదు, తన గుడ్లను కాపాడుకొనే ఉపాయం. పిల్లలకు ఆపద వస్తే కాలు విరిగినట్లు, రెక్క తెగినట్లు నటిస్తూ శత్రువును తన వెంట దూరంగా లాక్కొనిపోతుంది. తప్పించుకొనే దారి లేనప్పుడు దాని తన్ను సింహానికి సైతం ప్రాణాపాయమే.

గుడ్లను కాపాడుకొనే తల్లినీ తండ్రినీ మనం పిరికిదనానికి పేరుగా పెట్టుకున్నాము. ఎవరో చూసీ చూడక అన్నమాటను శతాబ్దాలుగా ఒకరి నుండి ఒకరు అందుకొని చెప్పుకుంటున్నాము. మన భాషలోని పేరే చూడండి. నిప్పులు మ్రింగుతుందన్న నమ్మకం దీని గురించి అనేక దేశాలలో ఉన్నది. తొమ్మిదవ శతాబ్దంలో బస్రా నగరపు పండితుడు అల్-జాహిజ్ తన జంతు గ్రంథంలో నిప్పుకోడి కణకణలాడే బొగ్గులను మ్రింగడాన్ని గురించి చర్చించాడు. అది రాళ్ళను మ్రింగడం సత్యం. ఆ సత్యం చుట్టూ అల్లుకున్న కథ వేరు.

సోదరులారా! వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కాకపోతే విచారించి తెలుసుకోమని సూరా హుజురాత్‌లో అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు. తెలియక ఎవరికో హాని చేసి, తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని హెచ్చరించాడు. ఒక పక్షి విషయంలోనే మనం విన్నమాటను విచారించకుండా ఇంత దూరం మోసుకొని వచ్చాము. ఇక ఇరుగుపొరుగు మనిషి విషయంలో, ఇంటి కోడలి విషయంలో, ఒక వ్యాపారం విషయంలో ఎన్ని మాటలు విచారించకుండా మోస్తున్నామో లెక్క చూసుకోవాలి.

ఈ పక్షి సంసారం కూడా గమనించదగినది. మగపక్షి తవ్విన ఒకే గూటిలో అనేక ఆడపక్షులు గుడ్లు పెడతాయి. వాటిలో ఒకటి పెద్దదిక్కు. పొదిగే బాధ్యత దానిదీ, మగపక్షిదీ. గూటిలో గుడ్లు మరీ ఎక్కువైతే, ఆ పెద్ద పక్షి తన గుడ్లను గుర్తుపట్టి నడుమ ఉంచుకొని, మిగిలిన వాటిలో కొన్నింటిని అంచుకు త్రోస్తుంది. ఒక్కొక్క గుడ్డు దాదాపు కిలోన్నర బరువు. రెండు డజన్ల కోడిగుడ్లతో సమానం. పగలు ఆడపక్షి పొదుగుతుంది. దాని బూడిదరంగు నేలలో కలిసిపోతుంది. రాత్రి నల్లని మగపక్షి కూర్చుంటుంది. దాని రంగు చీకటిలో కలిసిపోతుంది. ఇలా సుమారు ఆరు వారాలు. పిల్లలు పుట్టిన తరువాత ఎర్రటి ఎండలో రెక్కలు చాచి వాటికి నీడ పడుతుంది.

అరబ్బులు మూఢునికి ఈ పక్షినే ఉపమానంగా చెప్పేవారు. తన గుడ్లను వదలి పరాయి గుడ్లను పొదుగుతుందన్నది వారి ఆక్షేపణ. కానీ నిజాన్ని చూస్తే, పరాయి గుడ్లకు కూడా తన రెక్క క్రింద చోటిచ్చేది అది. సూరా సాఫ్ఫాత్‌లో స్వర్గస్త్రీల స్వచ్ఛతను భద్రంగా దాచబడిన గుడ్లతో పోల్చడం జరిగింది. ఈకల క్రింద దుమ్ము సోకకుండా కాపాడబడే నిప్పుకోడి గుడ్డే అక్కడ ఉద్దేశమని అనేకమంది వ్యాఖ్యాతలు వివరించారు. మనుషులు మూర్ఖురాలన్న పక్షి కాపాడే గుడ్డులో ఖుర్‌ఆన్ వ్యాఖ్యాతలు స్వచ్ఛతకు పోలికను చూశారు.

సోదరులారా! ఇది ఎక్కడో ఆఫ్రికా ఎడారి పక్షి, మనకేమి సంబంధమని ఎవరైనా అనుకోవచ్చు. అది సరికాదు. ఒకప్పుడు ఇది మన నేల మీద తిరిగింది. మన పొరుగున ఉన్న ప్రకాశం జిల్లాలో సుమారు 41,000 ఏళ్ళ నాటి నిప్పుకోడి గూడు బయటపడినట్లు 2024లో వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయపు పురావస్తు పరిశోధకులు వెల్లడించారు. తొమ్మిది పది అడుగుల వెడల్పున్న ఆ గూటిలో మూడు వేలకు పైగా గుడ్డు పెంకు ముక్కలు దొరికాయి. అంతకు ముందు 2017లో హైదరాబాదులోని సీసీఎంబీ, ఐఐటీ రూర్కీ శాస్త్రజ్ఞులు రాజస్థాన్, మధ్యప్రదేశ్ ప్రాంతాలలో దొరికిన పెంకులను పరీక్షించి, ఇరవై ఐదు వేల ఏళ్ళ క్రితం భారతదేశంలో జీవించినవి ఆఫ్రికా నిప్పుకోళ్ళకు దగ్గరి చుట్టాలేనని తేల్చారు. మనకంటే ఎంతో ముందే ఈ నేలను అల్లాహ్ వాటికి నివాసంగా ఇచ్చాడు. నేడు ఇక్కడ ఒక్కటి కూడా స్వేచ్ఛగా తిరగడం లేదు.

మన ప్రవక్త (స) పుట్టిన నేలలోనూ ఇవి ఉండేవి. ఇహ్రామ్ ధరించిన హాజీ వేటాడరాదు. కావాలని చంపితే దానికి పరిహారం చెల్లించాలని సూరా మాయిదా చెప్పింది. నిప్పుకోడిని చంపినవాడు దానికి ఈడుగా ఒక ఒంటెను సమర్పించాలని హజ్రత్ ఉమర్, హజ్రత్ ఉస్మాన్, హజ్రత్ అలీ (రజి) వంటి సహాబాలు తీర్పు చెప్పినట్లు ఉల్లేఖించబడింది. మన ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) న్యాయవంతుల చేత దాని వెల కట్టించి, ఆ వెలకు తగిన పరిహారం ఇవ్వాలన్నారు. ఆఖరికి దాని గుడ్డు పగులగొట్టినా వెల చెల్లించవలసిందే. ఆలోచించండి: ఒక పక్షి ప్రాణానికి ఒక ఒంటె! ఒక గుడ్డుకూ లెక్క!

అటువంటి నేలలో ఆ పక్షికి ఏమయింది? వేల ఏళ్ళు విల్లంబులతో, గుర్రాలతో వేటాడినా అది మిగిలింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత తుపాకులూ, మోటారు బండ్లూ వచ్చాయి. బండిలో కూర్చొని తరిమి కాల్చడం వినోదమయింది. 1966 ప్రాంతంలో జోర్డాన్‌లో చావుకు సిద్ధంగా ఉన్న ఒక పక్షి కనబడిందన్నది చివరి కబురు. ఆ తరువాత అరేబియా నిప్పుకోడి భూమి మీద లేదు. ఇది ఎప్పటి మాటో కాదు. మాకంటే కొద్ది ఏళ్ళు ముందు పుట్టినవారి బాల్యంలో జరిగింది. సహాబాలు ఒంటెతో తూచిన ప్రాణాన్ని వారి తరువాతి తరాలవారు ఆటకు ఖర్చు చేశారు. ధర్మశాస్త్ర గ్రంథాలలో ఆ పక్షి గురించిన తీర్పు మిగిలింది. అరేబియా గడ్డ మీద ఆ పక్షి మాత్రం మిగలలేదు.

ఇప్పుడు మన ఇంటి మాటకు వస్తాము.

నిప్పుకోడికి ఆస్ట్రేలియాలో ఒక చుట్టం ఉన్నది. దాని పేరు ఈము. ఇదీ ఎగరలేని పెద్ద పక్షే. కాలికి మూడు వ్రేళ్ళు, ముదురాకుపచ్చ గుడ్లు. 1990ల చివర నుండి మన ఆంధ్రలో ఈము పెంపకం మొదలయింది. మాంసానికి గిరాకీ, నూనె మందులకు పనికివస్తుంది, తోలు, ఈకలు, గుడ్లు, దేనికదే డబ్బు అని చెప్పారు. వేరుశెనగ ఎండిపోయి, బోర్లు అడుగంటి, టమాటా ధర ఒకనాడు బంగారమై మరునాడు రోడ్డు ప్రక్క పారబోసే చెత్త అయ్యే మన చిత్తూరు ప్రాంతపు రైతుకు, తక్కువ నీటితో బ్రతికే పక్షి అంటే ఆశ పుట్టడంలో ఆశ్చర్యం లేదు. ఆశపడడం నేరం కాదు.

కానీ ఆ వ్యాపారం లోపల ఏమున్నదో ఎవరూ తరచి చూడలేదు. పక్షుల జతను ఒక రైతు ఎక్కువ ధరకు కొంటాడు. దాని పిల్లలను మరొక కొత్త రైతుకు ఎక్కువ ధరకు అమ్ముతాడు. అతడు ఇంకొక కొత్తవానికి. మాంసం కొని తినేవాడు, నూనె కొని వాడేవాడు చాలినంతమంది లేరు. కొత్త రైతులు వస్తున్నంతకాలం ధర నిలిచింది. వారు రావడం ఆగిన రోజున గొలుసు తెగింది. కొన్ని సంస్థలు మరొక అడుగు ముందుకు వేశాయి: ఇంత డబ్బు కట్టండి, పక్షులూ మేతా మేమే ఇస్తాము, నెలనెలా ఇంత సొమ్ము, ఏడాదికి ఇంత బోనస్సు ఖాయం అన్నాయి. 2012 ఆగస్టులో మన పొరుగున తమిళనాడులోని పెరుందురైలో అటువంటి ఒక పెద్ద సంస్థ కూలిపోయింది. వేలమంది మోసపోయారు. పాకలలో మేత లేక మిగిలిన వేల పక్షులకు చివరకు ప్రభుత్వమే మేత వేయవలసి వచ్చింది.

ఇటువంటిది లోకంలో మొదటిసారి కూడా కాదు. నూరేళ్ళ క్రితం దక్షిణ ఆఫ్రికాలో నిప్పుకోడి ఈకల వ్యాపారం ఇలాగే ఉవ్వెత్తున లేచింది. ఐరోపా స్త్రీల టోపీలకు ఆ ఈకలు అలంకారం. 1913లో ఆ దేశపు ఎగుమతులలో బంగారం, వజ్రాలు, ఉన్ని తరువాతి స్థానం ఈకలదే. 1914లో యుద్ధం వచ్చింది, టోపీల మోజు మారింది. ఒక్క ఏడాదిలో వ్యాపారం కుప్పకూలింది. అక్కడ కనీసం ఈకలు కొనేవారు నిజంగా ఉండేవారు. మన ఈము వ్యాపారంలో కొనేవాడు చాలావరకు మాటలలోనే ఉన్నాడు.

సోదరులారా! ఆ రోజులలో మా జమాఅత్‌కు చెందిన ఒక సోదరుడు కూడా ఈము పాక వేశాడు. పేరు చెప్పము; ఆయన అనుమతితోనే ఈ మాట చెబుతున్నాము. భార్య నగలు అమ్మాడు. కూతురి నికాహ్ కోసం కూడబెట్టినది పెట్టాడు. బావమరిదినీ, ఇద్దరు పొరుగువారినీ కూడా ఒప్పించాడు. పాక ప్రారంభానికి మమ్మల్ని దుఆ చేయడానికి పిలిచాడు.

మేము వెళ్ళాము. దుఆ చేశాము. భోజనం చేశాము. ఆ పొడుగు మెడల పక్షులను చూసి ముచ్చటపడ్డాము. "భాయ్! వీటిని చివరకు కొనేదెవరు? నెలనెలా ఖాయమంటున్న ఈ సొమ్ము ఎక్కడి నుండి వస్తుంది?" అని మేము ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఏళ్ళ తరబడి ధర్మశాస్త్రంలో క్రయవిక్రయాల అధ్యాయాలు చదివాము, చదివించాము. ఆ రోజున ఆ చదువును గుమ్మం బయటనే వదలి లోపలికి వెళ్ళాము. ఇమామ్ సాబ్ వచ్చి దుఆ చేశారు, ఇందులో తప్పేముంటుంది అని మరి ఇద్దరు డబ్బు కట్టారని మాకు తరువాత తెలిసింది.

సొమ్ము రావడం ఆగింది. మేత రావడం ఆగింది. అప్పు చేసి కొన్నాళ్ళు మేత వేశాడు. ఆ తరువాత సిగ్గుతో, నిస్పృహతో పాక వైపు వెళ్ళడమే మానేశాడు. ఒకనాటి ఫజ్ర్ తరువాత మా దగ్గరకు వచ్చి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. చివరకు అన్నాడు: "హజ్రత్! డబ్బు పోయింది, దానికి ఏడవడం లేదు. నిన్న పాక తలుపు తీశాను. సగం చచ్చిపడి ఉన్నాయి. బ్రతికి ఉన్నవి నన్ను చూసి మేత తెచ్చాననుకొని దగ్గరకు వచ్చాయి. వాటి గురించి నన్ను అడుగుతారా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. అడుగుతారన్నది మాకు తెలుసు. అడిగేది ఆయనను ఒక్కరినే కాదన్నదీ తెలుసు.

ఈము పక్షి గురించి తరువాత తెలుసుకున్న ఒక సంగతి ఆ బాధను మరింత పెంచింది. ఈములలో గుడ్లను పొదిగేది తండ్రి. దాదాపు ఎనిమిది వారాలు అది గూటి మీదనే ఉంటుంది. ఆ కాలమంతా మేత, నీరు ముట్టదనే చెప్పవచ్చు. తన బరువులో మూడవ వంతు వరకు కోల్పోతుంది. తన పిల్లల కోసం తానుగా అన్ని రోజులు పస్తు ఉండే తండ్రి అది. అటువంటి జీవిని మనం మన లెక్క తప్పినందుకు ఆకలితో చంపాము.

సోదరులారా! ఈ విషయంలో ధర్మం ఏమంటున్నదో శ్రద్ధగా వినండి.

మొదటిది. పెట్టుబడి పెట్టినవానికి లాభనష్టాలతో నిమిత్తం లేకుండా నెలనెలా ఇంత అని ఖాయం చేయడం వ్యాపారం కాదు. అసలు సొమ్ముకూ హామీ, పైన వచ్చే సొమ్ముకూ హామీ ఉంటే, దానికి ఈము అని పేరు పెట్టినా, మేకల పథకమని పెట్టినా, బంగారు చీటీ అని పెట్టినా అది వడ్డీయే. ముజారబాలో లాభంలో వాటాను నిర్ణయించుకోవచ్చు. లాభం మొత్తాన్ని ముందే ఖాయం చేసుకోరాదు. ఇక కొనేవాడెవడో, సరుకు ఏమవుతుందో తెలియని చీకటి బేరాన్ని గరర్ అంటారు. దానిని ప్రవక్త (స) నిషేధించారు. ఈ రెండు హద్దులూ మన రొట్టెను లాక్కోవడానికి పెట్టినవి కావు, మన ఇంటిని కాపాడడానికి పెట్టినవి.

రెండవది. పశువునో పక్షినో కట్టివేసుకున్నవాడు దానికి మేత, నీరు ఇవ్వడం అల్లాహ్ ముందు అతని మీద విధి. ఇవ్వలేకపోతే అమ్మాలి, లేదా మేయగల చోట వదలాలి, తినదగిన జీవి అయితే జిబహ్ చేసి ఆ మాంసాన్ని ఉపయోగపరచాలి. ఆకలికి వదలివేయడమనే దారి మాత్రం ధర్మంలో లేదు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) అయితే యజమాని నిరాకరిస్తే ఖాజీ అతన్ని నిర్బంధించవచ్చునని కూడా అన్నారు. అంటే నోరులేని జీవి తరఫున న్యాయస్థానం మాట్లాడాలన్నది పన్నెండు వందల ఏళ్ళ క్రితమే మన పెద్దలు చెప్పినమాట.

మూడవది. ఒక పిల్లిని బంధించి, మేత పెట్టక, వదలకా చంపిన స్త్రీకి నరకశిక్ష పడిన సంగతిని ప్రవక్త (స) తెలిపారు. ఆ హదీసు బుఖారీ, ముస్లిమ్ గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. ఆమె పిల్లిని కొట్టలేదు, కోయలేదు. తలుపు మూసి మరచిపోయింది, అంతే. ఆ సోదరుడి పాక తలుపూ అలాగే మూసి ఉన్నది. మరొక సందర్భంలో ఒక అన్సారీ తోటలో బక్కచిక్కిన ఒంటె ప్రవక్త (స)ను చూసి కన్నీరు కార్చింది. ఆయన దాని తల నిమిరి, యజమానిని పిలిపించి, ఆకలితో మాడ్చి పని చేయిస్తున్నావని మందలించారు. ఇంకొకసారి సహాబాలు ఒక చిన్న పక్షి పిల్లలను పట్టుకొనగా, తల్లిపక్షి రెక్కలు కొట్టుకుంటూ తల్లడిల్లడం చూసి, పిల్లలను తిరిగి ఇప్పించారు. మరొకవైపు దప్పిగొన్న కుక్కకు నీళ్ళు త్రాగించిన పాపాత్మురాలికి క్షమాపణ లభించింది. శిక్షకూ, క్షమకూ కారణమైనవి ఒక పిల్లి, ఒక కుక్క! మనం చిన్నవి అనుకొనే ప్రాణాలు ఆ త్రాసులో ఎంత బరువు తూగుతాయో చూడండి.

ఆ సోదరుడికి మేము చెప్పిన జవాబు ఇది: "అవును భాయ్, అడుగుతారు. నిన్నూ అడుగుతారు, మమ్మల్నీ అడుగుతారు. అయితే తౌబా ద్వారం ఇంకా తెరిచే ఉన్నది. ముందు లేచి రండి, బ్రతికి ఉన్నవాటికి నీళ్ళు పెడదాము." ఆ రోజే జమాఅత్‌లో నలుగురం కలిసి మేత కొన్నాము. మిగిలిన పక్షులలో కొన్నింటిని జిబహ్ చేసి మాంసాన్ని పంచాము. కొన్నింటిని మేత వేయగలిగినవారికి ఉచితంగా ఇచ్చాము. చచ్చినవాటిని గొయ్యి తీసి పూడ్చాము. ఆ సోదరుడు బావమరిది సొమ్మునూ, పొరుగువారి సొమ్మునూ ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తీరుస్తూ వచ్చాడు. ఎవరూ అతన్ని అడగలేదు. సంస్థ మోసం చేసింది, నా తప్పేముంది అని చేతులు దులుపుకోవచ్చు. కానీ నా మాట నమ్మి కట్టారు, నేను తీర్చాలి అన్నాడు. ఆయన కంటే మా విద్య ఎక్కువ. ఆ రోజున తఖ్వాలో మాత్రం ఆయనే మాకు గురువు.

మా వంతుగా మేము ఒక నియమం పెట్టుకున్నాము. అడగకుండా, తెలుసుకోకుండా ఏ వ్యాపార ప్రారంభానికీ దుఆకు వెళ్ళము. ఎవరైనా పిలిస్తే ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతాము. సొమ్ము ఎక్కడి నుండి వస్తుంది? చివరకు కొనేదెవరు? నష్టం వస్తే భరించేదెవరు? జీవాలుంటే, చెడ్డ ఏడాదిలో వాటి మేతకు దారేమిటి? దీనివల్ల కొందరు మమ్మల్ని పిలవడం మానేశారు. మానేయనివ్వండి. ఒక ఇమామ్ దుఆ ఎవరి మోసానికీ ముద్ర కాకూడదు.

సోదరులారా! ఈ నాలుగు ప్రశ్నలనూ మీరు కూడా ఇంటికి తీసుకొని వెళ్ళండి. నేడు ఈము లేదు గాని, ఫోనులో ప్రతిదినం కొత్త పేరుతో అదే పథకం వస్తూనే ఉన్నది. చుట్టాన్ని చేర్చితే కమీషన్ అంటుంది. డబ్బు వేయకముందే అడగండి. మీకు తెలియనిచోట తెలిసినవారిని అడగండి. మీరు మోసపోవడం ఒక నష్టం. మీ మాట మీద మరొకరు మోసపోవడం దానికంటే పెద్ద నష్టం.

బక్రీదుకు నెల ముందు పొట్టేలును కొని మిద్దె మీద ఎండలో కట్టివేసే అలవాటును మానండి; నీడ, నీరు చూసిన తరువాతనే కొనండి. మన సీమ ఎండాకాలంలో గోడ మీద ఒక మట్టి మూకుడులో పక్షులకు నీళ్ళు పెట్టే పనిని పిల్లలకు అప్పగించండి. పాడి గేదె ఒట్టిపోయిందని మేత తగ్గించకండి. అది పాలిచ్చిన రోజులను గుర్తుంచుకోండి. లారీలో పశువులను కాళ్ళు ముడిచి కుక్కించే బేరగాడు మన వాడైనా సరే, అది తప్పని చెప్పండి.

బస్సులో ఆ పిల్లవాడికి మేము ఇచ్చిన జవాబు చెప్పి ముగిస్తాము. "బిడ్డా! నిప్పుకోడి తల దాచుకోదు. అది తల వంచేది తన గుడ్లను చూసుకోవడానికి" అన్నాము. వాడు కొంతసేపు ఆలోచించి, "మరి తల దాచుకొనేది ఎవరు, హజ్రత్?" అన్నాడు. మేము కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాము. చూడవలసిన దానిని చూడకుండా, అడగవలసిన ప్రశ్నను అడగకుండా, మూసిన పాక తలుపు వైపు వెళ్ళకుండా తల దాచుకొన్నవారు ఎవరో మాకు తెలుసు. అల్లాహ్ మనల్ని క్షమించుగాక!

ఓ అల్లాహ్! నీవు మా చేతికి అప్పగించిన జీవులు నీ అమానత్. వాటి విషయంలో మేము చేసిన నిర్లక్ష్యాన్ని మన్నించు. హలాల్ ఆదాయంతో మా ఇళ్ళను నింపు, ఆశ చూపి హరామ్ వైపు లాగే మాటల నుండి మమ్మల్ని కాపాడు. మోసపోయిన రైతుల అప్పులు తీరే దారి చూపు. మోసగించినవారికి తిరిగి చెల్లించే బుద్ధినివ్వు. మా సీమకు సకాలంలో వానలు కురిపించు. మనుషులతో పాటు పశువులకూ, పక్షులకూ కడుపు నింపు. ప్రళయదినాన ఏ నోరులేని జీవీ మాపై ఫిర్యాదుతో నీ ముందు నిలబడకుండా మా జీవితాలను సరిదిద్దు.

ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!